చిన్న కస్టమరు కొలతలు

నిండు నెలలు వచ్చేసరికి టైలరమ్మకీ ఆమె కుట్టు మిషనుకీ మధ్య కడుపు అడ్డమొచ్చింది. కుర్చీ ముందుకి జరిపితే లోపలి మనిషి తంతుంది. వెనక్కి జరిపితే చేతులు గుడ్డకి అందవు. చివరికి పక్కవాటుగా కూచుని, ఒంటికాలితో మోటారు పెడలు నొక్కుతూ కుట్టేది. వచ్చినవాళ్ళు నవ్వబోతే తనే ముందు నవ్వేసేది. నవ్వకపోతే ఏడవాలి మరి.

ఒకటా బాధ? పాదాలు పొంగి చెప్పులు పట్టడం మానేశాయి. మొగుడి చెప్పులే ఈడ్చుకుంటూ తిరుగుతోంది. ఏం తిన్నా ఛాతీలో మంట. రాత్రి నాలుగుసార్లు లేవాలి, లేచిన ప్రతిసారీ పిక్క పట్టేస్తే గోడ పట్టుకుని నిలబడాలి. ఎడమ పక్కకి తిరిగి పడుకోమంది డాక్టరమ్మ. మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమంది. మధ్యాహ్నం తిన్నాక కదలకుండా పడుకుని బిడ్డ ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టమంది. టైలరమ్మ ఒక్కటి కూడా తప్పకుండా చేస్తోంది. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈ బిడ్డ బతికి ఒళ్ళోకి రావాలి. ఆమెకి ఇంక వేరే కోరికే లేదు.

ఇంటి ముందుగదే దుకాణం. వీధివైపు ఇనప షట్టరు, లోపలివైపు పరదా. పరదా అవతల పడకగది. ఆ దుకాణం అంతకుముందు ఒక ముసలాయనది. ఊరంతా ఆయన్ని ‘రేపు మాస్టరు’ అనేవాళ్ళు. ఎప్పుడెళ్ళినా రేపు రమ్మనేవాడు. పెళ్ళికని ఇచ్చిన బట్టలు పిల్లాడు పుట్టాక చేతికొచ్చాయని చెప్పుకునేవాళ్ళు. ఆయన చూపు తగ్గి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ మిషనూ, బల్లా, సగం నిండిన కొలతల పుస్తకమూ ఈమెకి అమ్మేశాడు. టైలరమ్మ ఆయనకి పూర్తిగా తిరగేసిన మనిషి. గురువారం నాలుగింటికంటే గురువారం నాలుగింటికే. ఆ మాట మీదే ఆమె దుకాణం నడుస్తోంది.

ఆమె చేసిన పొరపాటు టైలరు తప్ప ఇంకెవరూ చేసేది కాదు. ముప్ఫై అయిదో వారం స్కానింగులో అక్కడి అమ్మాయి బిడ్డ తల చుట్టుకొలత ఇంత, పొట్ట ఇంత అని చదువుతుంటే ఈమెకి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కొలత వింటే రాసుకోకుండా ఉండలేని చెయ్యి అది. ఇంటికొచ్చి, సెంటీమీటర్లని అంగుళాల్లోకి మార్చి, కొలతల పుస్తకం చివర్లో ఖాళీగా కనిపించిన పేజీలో రాసేసింది. తల పన్నెండున్నర. పొట్ట పన్నెండు. పేరు రాసే చోట ‘చిన్న కస్టమరు’ అని పెట్టింది. బస్సు నడిపే మొగుడు అది చూసి పడీపడీ నవ్వి, ఇంట్లోనే ఉండే వాళ్ళమ్మకి కూడా చెప్పాడు. ఆ పేజీ పూర్తిగా ఖాళీ కాదని అప్పుడు ఇద్దరూ చూసుకోలేదు.

నాలుగు రోజులకి ఆర్డరొచ్చింది. ఆ సమయంలో టైలరమ్మ లోపల పడుకుని కదలికలు లెక్కపెడుతోంది. ఏడు దాకా వచ్చాక షట్టరు దగ్గర గుసగుసలు వినిపించాయి. ఒక గొంతు దుకాణంలో కూచున్న అత్తది. రెండోది మరీ మెల్లగా ఉంది, మాటలు అందలేదు. ఎన్నాళ్ళో పెట్టెలో ఉన్న గుడ్డ వాసన పరదా దాటి వచ్చింది. బిడ్డ కదలడం ఆగిపోయింది. ఎనిమిదో కదలిక కోసం ఆమె అరగంట ఊపిరి బిగబట్టుకుని పడుకుంది.

అది తెలిశాక లేచి వెళ్ళేసరికి బల్ల మీద తెల్లటి మెత్తటి గుడ్డ ఉంది, పక్కన అత్త రాసిన చీటీ. పసిపిల్ల చొక్కా ఒకటి, ఇవ్వాల్సింది వచ్చే గురువారం.

కొలతలేవని అత్తని అడిగింది. పుస్తకంలోనే ఉన్నాయని గుడ్డ తెచ్చిన ఆవిడే చెప్పిందట. చివరి పేజీ తియ్యమందట. తీసి చూస్తే చిన్న కస్టమరని ఉంది, అవేనా అంటే అవేనందట. అత్త ఇదంతా చాలా మామూలుగా చెప్పింది. పాపం పెద్దావిడ, గుమ్మం లోపలికి కూడా రాలేదు, కాన్పు ఎప్పుడు, ఏ ఆసుపత్రి అని ఎంతో ఆప్యాయంగా అడిగింది, అని కూడా చెప్పింది.

“చెప్పారా?” అంది టైలరమ్మ.

“అడిగితే చెప్పనా?” అంది అత్త.

అక్కణ్ణుంచి మొదలైంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఆ పుస్తకంలో రాసిన సంగతి ఈ ఇంట్లో ముగ్గురికే తెలుసు. మొగుడు పొద్దున్న బస్సెక్కితే రాత్రికి గానీ రాడు. మరి వీధిలో పోయే ఆవిడకి చివరి పేజీ అని ఎవరు చెప్పారు? అత్తకి తనంటే మొదట్నుంచీ పెద్ద మక్కువేం లేదు. కడుపులు నిలవనప్పుడు పైకి ఏమీ అనకపోయినా, పక్కింటామెతో నిట్టూర్చడం తన చెవిన పడింది. ఇలా ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయింది. రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం కునుకులోంచి ఉలిక్కిపడి లేస్తే, అత్త తన మీదకి వంగి ఉంది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది. ఆవిడ మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

దిండు జారిపోతే సర్దుతున్నానంది అత్త. దిండు నిజంగానే జారి ఉంది. అయినా టైలరమ్మ కళ్ళు టేపు మీద నుంచి కదల్లేదు.

మొగుడికి చెబితే, నిద్ర చాలక అలా తోస్తోంది, మా అమ్మ నీకు కాళ్ళు నొక్కుతుంటే నాకే ఈర్ష్యగా ఉంటుంది అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇంక ఆ మాట ఎత్తలేదు. కానీ గోడకి అంటించిన కాన్పు కాగితం తీసింది. నొప్పులు ఏ దూరంలో వస్తే బయల్దేరాలి, ఆటో ఎవరిది, సంచీలో ఏమేం ఉండాలి, రక్తం గ్రూపు, గదిలోకి ఎవరు రావాలి, బిడ్డని మొదట ఎవరు ఎత్తుకోవాలి, అన్నీ ఇద్దరూ కూచుని రాసుకున్న కాగితం అది. చివరి రెండింటి ఎదురుగా ‘అత్తయ్య’ అని ఉంది. ఆ రెండూ కొట్టేసి అక్కడ మొగుడి పేరు రాసింది. అత్తయ్య ఇంట్లోనే ఉండి దుకాణం చూసుకోవాలి అని కింద చేర్చింది.

అత్త ఆ కాగితం చదివింది. ఆ పూట కోడలి కాళ్ళు మామూలు కంటే ఎక్కువసేపు నొక్కింది. టైలరమ్మకి అది కూడా అనుమానంగానే తోచింది.

చొక్కా కుట్టడం మాత్రం ఆపలేదు. చీటీ మీద గురువారం అని ఉంది కదా. బుధవారం మధ్యాహ్నానికి ఒళ్ళూ, మెడా, కుడి చెయ్యీ అయ్యాయి. ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది. అత్త దారం తేవడానికి వెళ్ళింది. ఆకాశం మూసుకుపోయి పట్టపగలే దీపాలు పెట్టాల్సినంత చీకటైంది. అంతలో కరెంటు పోయింది. మిషను నెమ్మదించి ఆగింది. వీధిలో అలికిడి లేదు...

వాసన ముందొచ్చింది. పెట్టెలో మగ్గిన గుడ్డ వాసన.

సగం దించిన షట్టరు కింద రెండు పాదాలు కనిపించాయి. బూడిదరంగు చీర అంచు. అంతే. మనిషి వంగలేదు. లోపలికి రాలేదు.

“అయిందా?”

ఆ గొంతు షట్టరు అవతల నుంచి రాలేదు. పక్కన నిలబడి అడిగినంత దగ్గరగా వినిపించింది. టైలరమ్మ మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. బిడ్డ కడుపులో ఒక మూలకి ముడుచుకుంది. అలా ముడుచుకోవడం ఆమెకి స్పష్టంగా తెలిసింది.

“రేపు... రేపు కదమ్మా.”

“రేపేలే. ఒకసారి వేసి చూద్దామని.”

“ఎవరికి?”

టైలరమ్మ కడుపు మీద గౌను గుడ్డ అంగుళం పైకి లేచింది. కొలిచేటప్పుడు మనం బట్ట ఎలా వేళ్ళతో పట్టి చూస్తామో అలా. పట్టి, వదిలింది. లోపల గాలి కూడా ఆడటం లేదు.

ఎంతసేపు అలా కూచుందో! కరెంటు వచ్చి మిషను లైటు వెలిగేసరికి షట్టరు కింద ఎవరూ లేరు. ఆమె కొలతల పుస్తకం తీసి, చివరి పేజీ లైటు కిందకి ఎత్తి పట్టింది. తన రాతకి పైన వెలిసిపోయిన సిరా. అన్నీ పసిపిల్లల కొలతలే. తల, పొట్ట, తల, పొట్ట. ఒక పాతిక వరసలుంటాయి. ప్రతి వరస చివరా రేపు మాస్టరు వంకర రాతలో ఒకటే మాట, ‘కాలేదు’. ఒక్క వరస చివర మాత్రం ‘ఇచ్చాను’ అని ఉంది.

ఫోను చేసింది. మాస్టరు కూతురు ఎత్తి తండ్రికిచ్చింది. ఆయన అంతా విన్నాడు. చాలాసేపు దగ్గాడు.

“ఆ పేజీ వదిలించుకోలేకపోయానమ్మా. చించినా మర్నాటికి ఉంటుంది. అందులో ఎందుకు రాశావు?”

“ఏం చెయ్యమంటారు మాస్టారూ?”

“లేదనకు. ఇవ్వనని అసలే అనకు. రేపు రమ్మను. చొక్కాలో ఏదో ఒకటి కుట్టకుండా వదిలెయ్. బిడ్డకి ఏడాది నిండేదాకా రేపు రమ్మంటూనే ఉండు. తర్వాత తనే రావడం మానేస్తుంది. నాకేం సరదానా అమ్మా, ముప్ఫై ఏళ్ళు ఊరందరి చేతా మాటలు పడటం? ఆవిడ ఒక్కదానికి ఆలస్యం చేస్తే ఊరుకోదని అందరికీ ఆలస్యం చేశాను.”

“ఒకసారి ఇచ్చానని రాశారు...”

“మాకు అప్పుడు ఇద్దరు ఆడపిల్లలు,” అన్నాడాయన. “ఫోనెత్తింది పెద్దది.” ఫోను పెట్టేశాడు.

గురువారం నాలుగింటికి ఆ పాదాలొచ్చాయి. టైలరమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కస్టమరుతో రేపు రమ్మంది. శుక్రవారం రేపంది. శనివారం కూడా రేపే. బూడిదరంగు అంచు రోజూ వచ్చేది, రేపు అనగానే వెళ్ళిపోయేది. మిగతా కస్టమర్లకి కూడా రేపే. వాళ్ళు మొహం మాడ్చుకుని పోయేవాళ్ళు. పోతే పోయారు. బిడ్డ కదులుతోంది, పది, పన్నెండు, పదిహేను. అది చాలు.

అత్తకే ఇది మింగుడుపడలేదు. ఒక్క చెయ్యి అతకడానికి ఎన్నాళ్ళమ్మాయ్, ఆలస్యం అమృతం విషం, మాట మీద నిలబెట్టుకున్న దుకాణం అని చెవిలో జోరీగలా తిరిగింది. అసలు సంగతి చెప్పేస్తే పోయేది. ఒకసారి నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడతో గుసగుసలాడింది ఈ అత్తే కదా, ఎవరి పక్షమో ఏమో అనుకుని టైలరమ్మ నోరు మూసుకుంది. చొక్కాని బల్ల సొరుగులో పెట్టి, పైన నాలుగు గుడ్డలు కప్పింది.

అలా రేపంటూ గడిపిన మూడో వారం, మంగళవారం తెల్లవారుతుండగా నొప్పులొచ్చాయి. మొదట అవి ఉత్తుత్తివే అనుకుంది, అలాంటివి నాలుగు రోజులుగా వచ్చిపోతున్నాయి. అయిదు నిమిషాలకొకటి వచ్చేసరికి మొగుణ్ణి లేపింది. కాగితంలో రాసుకున్నది రాసుకున్నట్టే జరిగింది. ఆటో వచ్చింది, సంచీ ఎక్కింది, ఫైలు ఎక్కింది. అత్త గుమ్మంలోనే నిలబడింది. తననీ రమ్మంటారేమోనని ఆటో మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. టైలరమ్మ చూసి కూడా తల తిప్పుకుంది. అమ్మయ్య, దూరంగానే ఉందిలే అనుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆడపిల్ల పుట్టింది. ఏడిచింది, గట్టిగా, గదంతా వినపడేలా. నర్సు బిడ్డని అటూఇటూ తిప్పి చూసి, ఎక్కడా ఒక్క మచ్చ లేదని చెప్పి, ఆసుపత్రి గుడ్డలో చుట్టి నాన్న చేతికిచ్చింది. బస్సు స్టీరింగు తప్ప ఏదీ మెత్తగా పట్టుకోవడం తెలియని మనిషి, ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ నిలబడ్డాడు. టైలరమ్మ చాలా రోజులకి మొదటిసారి కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

సాయంత్రం లేచేసరికి మంచం పక్కన అత్త ఉంది. మొగుడే కబురు పెట్టాడట, మనవరాల్ని చూడకుండా ఎంతసేపుంటుంది పాపం అని. అత్త కళ్ళు ఏడ్చి ఎర్రబడ్డాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఒళ్ళో పడుకోబెట్టుకున్న బిడ్డ వైపు చూస్తూ, కోడలికి మాత్రమే వినపడేలా మెల్లగా మాట్లాడింది.

“నా మీద నీకేదో మనసు విరిగింది, తెలుసు నాకు. ఏం చేస్తే పోతుందా అని పొద్దుట్నుంచీ ఆలోచించానమ్మాయ్. చివరికి నీకు ఒక బరువు తగ్గించి వచ్చాను.”

టైలరమ్మ మోచేతుల మీద లేచింది. కుట్లు లాగాయి. “ఏం బరువు?” అంది.

“ఆ పెద్దావిడ రెండింటికి మళ్ళీ వచ్చింది. ఎన్నాళ్ళని తిప్పుతావు పాపం? సొరుగులోంచి తీసి ఆ ఎడమ చెయ్యి నేనే చేత్తో కుట్టేసి ఇచ్చేశాను. నా కుట్టు నీ కుట్టంత సన్నం కాదనుకో. ఎంత సంతోషపడిందో! వేసి చూస్తానంది. బిగుతుగా ఉంటే మళ్ళీ వస్తానంది.”

బిడ్డ నిద్రపోతోంది. ఊపిరి ఆడుతోంది. టైలరమ్మ ఆసుపత్రి గుడ్డ మడతలు ఒక్కొక్కటే విప్పింది. పుట్టాక ఆ పిల్ల ఒంటి మీద ఇంకే బట్టా వెయ్యలేదు.

ఎడమ భుజం చుట్టూ, బిగుతు చొక్కా ఇప్పుడే విప్పినట్టు, ఎర్రటి గీత. గీత పొడుగునా సూది పోట్లంత చుక్కలు, ఒకదానికొకటి కాస్త ఎడంగా ఉన్నాయి. ఎవరి కుట్టయినా చూడగానే గుర్తుపట్టే మనిషి ఆమె. అది అత్త చేతి కుట్టే.