పచ్చదీపం చెప్పిన అబద్ధం

సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ ప్రాణం పోయేటప్పటికి ఆయన గడ్డం సగమే గీసి ఉంది.

బార్బర్ కత్తి కడుక్కోవడానికి అటు తిరిగాడు. అద్దంలో మూసిన గొడుగొకటి కనిపించింది. దగ్గులాంటి చిన్న చప్పుడు. బార్బర్ ఇటు తిరిగేసరికి కుర్చీలో మనిషి తల వాల్చేసి ఉన్నాడు. చేతికి వాచీ ఉంది, జేబులో పర్సు ఉంది. నడుముకి ఎప్పుడూ వేలాడే తాళంచెవి మాత్రం లేదు.

"పర్సు వదిలేసి తాళంచెవి పట్టుకెళ్ళారంటే వాళ్ళకి కావలసింది రైలు," అన్నాడు డైరెక్టర్.

టైప్‌రైటర్లు రిపేరు చేసే షాపు మీద గది అది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో నత్త అంటారు. ట్రైనింగ్‌లో పరుగుపందెంలో అందరికంటే వెనక వచ్చాడని పెట్టిన పేరు. ముందు వచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పుడు ఆ గది గోడమీద ఫోటోల్లో ఉన్నారు. నత్త మిగిలాడు.

"ఆ తాళంచెవి రిలే రూముది. జంక్షన్‌లో సిగ్నళ్ళకీ పట్టాల పాయింట్లకీ మెదడు అక్కడే ఉంటుంది. రేపు మధ్యాహ్నం ఆ జంక్షన్ మీదుగా స్పెషల్ ట్రైన్ వస్తుంది. అందులో శత్రుదేశం ప్రతినిధులు, సంధి మీద సంతకం పెట్టడానికి. పక్క లూప్ లైన్‌లో పెట్రోల్ ట్యాంకర్లున్నాయి."

"చంపింది ఎవరు?"

"మూడో దేశం ముఠా. ఇద్దరికీ తుపాకులు అమ్ముకునేవాళ్ళు. యుద్ధం ఆగితే వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవదు."

"ట్యాంకర్లు తీసేయిద్దాం సార్."

"లాగడానికి ఇంజన్ లేదు. అన్నీ సరిహద్దుకి పోయాయి."

"స్పెషల్‌ని ఆపేస్తే?"

"వాళ్ళు సగం మనసుతో బయల్దేరారు. ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతారు."

"గెలిచే దారి ఏదైనా ఉందా సార్?"

"ఉంటే నిన్నెందుకు పిలుస్తాను?" అని డైరెక్టర్ ఒక కళ్ళజోడు ముందుకు తోశాడు. దాని కాడలో రేడియో ఉంది. "ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. 'ఇస్త్రీ అయిందా' అని అడుగుతుంది. 'మడతలు మిగిలాయి' అని చెప్పు."

మర్నాడు నత్త కొత్త సిగ్నల్ మెయింటెయినర్ వేషంలో, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని స్టేషన్‌లో దిగాడు. కళ్ళజోడు రేడియోలో వాతావరణ వార్తలు తప్ప ఇంకేమీ వినబడలేదు.

స్టేషన్ మాస్టర్ కబుర్ల పోగు. మనిషి దొరకడమే చాలనుకుని పైఅంతస్తులోని ప్యానెల్ ముందుకు లాక్కెళ్ళాడు. బల్లంత పలక, దాని మీద జంక్షన్ పటం, గీతల్లో వెలిగే బుల్లిదీపాలు.

"సిగ్నలూ పాయింటూ మొండి మొగుడూ పెళ్ళాలనుకో బాబూ. పట్టాలు సరిగ్గా జరిగి తాళం పడితే తప్ప సిగ్నల్ పచ్చ కాదు. పచ్చ అయిందా, ఇక పాయింటు కదలమన్నా కదలదు. ఒకరు ఊ అనకుండా రెండోవాళ్ళు అడుగు వెయ్యరు. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటాం."

"అదే చెడిపోతే?"

"ఏం చెడినా ఎరుపే! కరెంటు పోయినా, తీగ తెగినా రిలేలు, అదే కరెంటుతో నిలబడే మీటలు, కిందకి పడతాయి, సిగ్నల్ ఎర్రబడుతుంది. చెడితే రైలు ఆగాలి గానీ పోకూడదు. ఈ బుర్రని మోసం చెయ్యాలంటే రిలే రూములో దొంగ తీగ తగిలించి అబద్ధం చెప్పించాలి. ఆ రూముకి రెండు తాళాలు, రెండూ తీస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకదాని చెవి పాపం, పోయినాయన దగ్గర. రెండోది ఇదిగో." మాస్టర్ నడుము తట్టి చూపించాడు.

ఇంతమంది తిరిగే చోట ఆ రెండో తాళంచెవి ఎంతసేపు క్షేమం, అనుకున్నాడు నత్త.

కిందకి దిగేసరికి ప్లాట్‌ఫాం పత్రికలవాళ్ళతో కిటకిటలాడుతోంది. గుంపులోంచి ఒకావిడ నడిచి వచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెడలో పట్టు స్కార్ఫ్, రొమ్ముమీద ఇంటర్‌ప్రెటర్ బ్యాడ్జి. కెమెరాలు పట్టాల్ని వదిలేసి ఆవిడ వైపు తిరిగాయి.

"ఇస్త్రీ అయిందా?" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

ఆవిడ నత్తకి వదిన, అన్నగారి భార్య.

"మడతలు... మిగిలాయి. వదినా, నువ్వా!"

"నోరు మూసుకో మరిదీ. తాళంచెవి ఉన్నవాడు గూడ్స్ షెడ్డులో దాక్కున్నాడు. పరుగెత్తు. నీకది చేతకాదనుకో, అయినా పరుగెత్తు."

పరుగెత్తాడు. షెడ్డులో ఖాళీ పీపాలు తప్ప ఎవరూ లేరు. వెనక తలుపు ధన్‌మని మూసుకుంది, బయట గొళ్ళెం పడింది.

పెద్ద స్పానర్‌తో తలుపు బందులు ఊడగొట్టుకుని బయటపడేసరికి ఊపిరి గొంతులోకి వచ్చింది. మేడమీద స్టేషన్ మాస్టర్ కాఫీ కప్పు పక్కన తలవాల్చి గుర్రుపెడుతున్నాడు. నడుము బోసిగా ఉంది. ప్యానెల్ మీద మెయిన్ లైన్ తిన్నగా వెలుగుతోంది. పాయింటు సరిగ్గా ఉందట, తాళం పడిందట, సిగ్నల్ పచ్చగా ఉంది.

కిటికీలోంచి చూశాడు. పట్టాలు లూప్ వైపు తిరిగి ఉన్నాయి. ఎవరో హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేశారు. ఆ దారి చివర ట్యాంకర్లు ఎండలో మెరుస్తున్నాయి. దూరంగా వంపులో పొగలాంటి దుమ్ము లేచింది.

ప్యానెల్ బటన్లన్నీ నొక్కాడు. ఒక్కటీ పలకలేదు. కింద బటన్ల తీగలు మాత్రం తెగి వేలాడుతున్నాయి.

రిలే రూము తలుపు బార్లా తీసి ఉంది. బీరువాల్లాంటి రాక్‌ల వరసల మధ్య వదిన పిస్తోలు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళద్దాలు తీసేసింది. ఏడ్చిన కళ్ళు.

"అక్కడే ఆగు. నిన్ను షెడ్డులో పెట్టింది బతికించడానికే."

"దొంగ తీగ ఎక్కడుంది వదినా?"

"నాకేం తెలుసు? తగిలించినవాడు వెళ్ళిపోయాడు. ఈ రైలు పడిపోతే ముఠావాళ్ళు మీ అన్నని వదిలేస్తామన్నారు. బతికే ఉన్నాడు. వాళ్ళ జైల్లో ఉన్నాడు. మీ డిపార్ట్‌మెంట్ గాలికి వదిలేసిన మనిషిని వాళ్ళయినా ఇస్తామంటున్నారు!"

నత్తకి తెలిసిన నిజం చెప్పకూడదని పైనుంచి ఆర్డరు. ఫైల్లో అన్న ఇప్పటికీ 'ఆచూకీ తెలియలేదు'.

"అన్నయ్య లేడు. నేనే పూడ్చాను."

"అబద్ధం!"

"నువ్వు అల్లిన స్వెట్టరు వేసుకున్నాడు. ఒక చెయ్యి పొడుగు. ఆ చెయ్యి మడిచి పెట్టుకుని ఉన్నాడు."

ఆవిడ చేతిలోని పిస్తోలు నేల మీద పడిన చప్పుడుకి ఇద్దరూ ఉలిక్కిపడలేదు. దూరాన రైలు కూత వినబడుతోంది.

ఆ గదిలో తీగలు తలవెంట్రుకల్లా ఉన్నాయి. అబద్ధమాడేది ఏదో వెతకడానికి వ్యవధి లేదు. నత్త గోడ దగ్గరికి ఉరికి, రిలేలకి కరెంటిచ్చే ఫ్యూజులు రెండు చేతులతోనూ పీకి పారేశాడు.

రాక్‌ల నిండా రిలేలు టపటపమని కిందపడ్డాయి, రేకుల మీద వడగళ్ళ వానలాగా. జంక్షన్‌లో ప్రతి సిగ్నలూ ఒక్కసారిగా ఎర్రబడింది. బయట ఇనుము ఇనుముని రాసుకుంటూ పెట్టిన కేక చెవులు బద్దలు చేసింది. పత్రికలవాళ్ళు చెల్లాచెదురయ్యారు. కేక సన్నబడి సన్నబడి ఆగిపోయింది.

నత్త గుమ్మంలోంచి చూశాడు. పట్టాలు చీలే చోటికి చెయ్యి చాచేంత దూరంలో ఇంజన్ ఆగి, రొప్పుతోంది.

వదిన నేలమీద చతికిలబడింది.

"ఎక్కడ పూడ్చావు?"

"నది అవతల వాలులో. ఇప్పుడది శత్రుదేశం వైపుకి పోయింది."

"సంధి కుదిరితే వెళ్ళి చూడొచ్చా?"

నత్త ఔనని తలూపాడు. సరిగ్గా అప్పుడే స్పెషల్ వెనక్కి కదలడం మొదలుపెట్టింది. మొదటి పెట్టె కిటికీ తెర పక్కకి జరిగింది. ముసలి ప్రతినిధి ఒకాయన బయటికోసారి చూసి, తెర మూసేసుకున్నాడు. ఇద్దరూ ఆ రైలు వంపు దాటేదాకా చూస్తూ ఉండిపోయారు. తరవాత డైరెక్టర్ మనుషులు వచ్చి ఆవిడని కారెక్కించారు. ఆవిడ అతని వైపు తిరిగి చూడలేదు.

సాయంత్రం రేడియోలో సంధి రద్దయిందని చెప్పారు. మళ్ళీ ఫిరంగులు మొదలయ్యాయి.

"మిషన్ సక్సెస్," అన్నాడు డైరెక్టర్, గోడమీద ఫోటోల వైపు చూడకుండా. "బయటికి మాత్రం చెప్పలేం. రైల్వేవాళ్ళు నిన్ను నిజంగానే మెయింటెయినర్ అనుకుంటున్నారు."

నత్తకి డ్యూటీలో చేరిన మొదటిరోజే, ఏ కారణమూ లేకుండా రైలు ఆపినందుకు సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: పీకిన ఫ్యూజులు వెంటనే తిరిగి అప్పగించవలెను.