నాలుగో ఆటకు ముఖ్య అతిథి

"గుర్రం పేరు తప్పు చెప్పాడు. అంతే, పోయాడు," అన్నాడు కర్నల్ అమన్‌గెల్ది, టేబుల్ మీదున్న ఫొటోను ఇటు తిప్పుతూ.

ఫొటోలో ఉన్నది సాకెన్. మొన్నమొన్నటిదాకా పక్క గదిలో కూర్చుని గోడలు అదిరేలా తుమ్మిన ఏజెంట్. ఇప్పుడు అల్మాటీ శివార్లలో ఒక కాలువ గట్టున వెల్లకిలా పడి ఉన్నాడు. అదే ఆఫీసులో ఇంకో ఏజెంట్ ఓల్జాస్, ఫొటోను దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఏ గుర్రం, కర్నల్ గారూ?"

"ఫోన్లో ఆడే ఆటలో గుర్రం. 'బంగారు బాట' ఆడలేదా నువ్వు? మా మనవడు అన్నం మానేసి ఆడతాడు. మూడు ఆటలొచ్చాయి, నాలుగోది వస్తోంది. అందులో ఏమేం బాగుచెయ్యాలో అభిమానులు రోజూ కొట్టుకు చస్తుంటారు. గుర్రం రాళ్ల మధ్య ఇరుక్కోకూడదంటాడొకడు. హీరోకి ఈత రావాలంటుందొకతె. ఎన్ని కోరికలున్నా, అందరూ కలిసి గోల పెట్టింది ఒక్కదాని కోసం. ఆడేవాడు ఎక్కడుంటే అక్కడి నేల, అక్కడి వాన, అక్కడి కొండే ఆటలో కనబడాలట."

"బాగానే ఉందిగా?"

"బాగానే ఉంటుంది. ఆ గోల పెట్టించింది ఖబ్దేష్."

సాకెన్ అభిమాని వేషంలో దూరిన అభిమానుల సంఘానికి అధ్యక్షుడు ఖబ్దేష్. ఆపిల్ తోటలు, మందహాసం, పెద్ద చేతులు. అతని వెనకాల ఉన్నది ఒక విదేశీ ముఠా. ఆఫీసులో దానికి 'గద్ద' అని కోడ్ పేరు. పాపం, ఆట తయారుచేసే స్టూడియో వాళ్లు అభిమానుల మాట మన్నించి ఒక ట్రయల్ వెర్షన్ చేశారు. సంఘం చేతులమీదుగానే విడుదల కావడం గౌరవంగా ఉంటుందని దాన్ని ఖబ్దేష్‌కిచ్చారు. గద్ద అందులో తన ముక్క ఒకటి దూర్చింది. అది ఫోన్లోకి దిగితే, ఆ ఫోన్ ఉన్నవాడు ఎక్కడున్నాడో క్షణక్షణం వాళ్లకు తెలుస్తుంది.

"ఎవరి ఫోన్లు కావాలి వాళ్లకి?"

"సరిహద్దు ఠాణాల్లో కుర్రాళ్లవి. అక్కడ ఫోన్లు నిషేధం. అందరి దగ్గరా ఉన్నాయి." కర్నల్ గొంతు తగ్గింది. "వచ్చే శనివారం తల్గార్‌లో, ఖబ్దేష్ తోటలో సంఘం పండగ. ఐదింటికి విడుదల. ఏ మెషీన్ నుంచో తెలీదు. ముందే మీద పడ్డామా, ఇంకోచోటి నుంచి వదిలేస్తారు. నువ్వు లోపలికెళ్లి దానికి ఇది తగిలించాలి."

మూడు మూలల చిన్న తుమార్ అది. ఉన్ని గుడ్డతో కుట్టిన తాయెత్తు. ఆటలో హీరో మెడలో వేసుకునేది సరిగ్గా ఇలాంటిదే. లోపల ఒక ప్లగ్, ఒక చిప్. మెషీన్‌కి గుచ్చితే గద్ద దూర్చిన ముక్కను మింగేస్తుంది. పని జరుగుతున్నంతసేపు ఎర్ర లైటు, అయిపోతే ఆకుపచ్చ.

"అక్కడ తోగ్జాన్ అని ఒకావిడ ఉంటుంది. ఖబ్దేష్‌కి కుడిభుజం. చూస్తే కళ్లు తిప్పుకోలేవు, కాబట్టి చూడకు. మనకీ కబుర్లు చెబుతుంది, వాళ్లకీ చెబుతుంది. ఎవరికి నిజం చెబుతుందో ఆమెకే తెలియాలి."

"నేను ఎవర్ని?"

"రౌవాన్. కరగందాలో లిఫ్టులు బాగుచేస్తావు. తండ్రి పోయాడు, తల్లి పోయింది. ఎవరూ లేనివాడి గురించి ఎవర్ని పిలిచి అడుగుతారు? ప్రమాదమైతే ఈ నంబర్‌కి చెయ్యి. పిజ్జా కొట్టు అమ్మాయి ఎత్తుతుంది. పుట్టగొడుగుల పిజ్జా అడుగు. మనవాళ్లు గోడ బయటే ఉంటారు."

తరాజ్‌లో గుండ్రాయిలా ఉన్న తండ్రి గుర్తొచ్చి ఓల్జాస్ మనసు చివుక్కుమంది. జీవితమంతా దూరాల బస్సులు నడిపిన మనిషి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, ఉద్యోగం సంగతి అడగకూడదని తెలిసి, తిన్నావా, పెళ్లెప్పుడు అని రెండే ప్రశ్నలు వేస్తాడు. అలాంటివాణ్ణి కాగితం మీద చంపేశారు. ఉద్యోగం మరి, ఏం చేస్తాడు!

ఆ రోజునుంచి ఓల్జాస్‌కి రాత్రీ పగలూ ఆటే. గుర్రం పేరు, గుర్రం తల్లి పేరు, ఏ కొండ మీద ఏ తలుపు తెరుచుకోదో, అన్నీ బట్టీ పట్టాడు. మొదట భయంతో ఆడాడు. తర్వాత, సిగ్గులేకుండా చెప్పాలంటే, ఇష్టంతో ఆడాడు. నాలుగో ఆటలో ఏం మారాలో సంఘానికి పెద్ద ఉత్తరం రాశాడు. ఒక్కో సంగతికీ అతనికి నిజంగానే కోపం వచ్చింది. సంతలో వర్తకులు ఎప్పుడు పలకరించినా అదే మాట ఎందుకంటారు? హీరో గద్దను పెంచి పెద్దచేస్తే, కథ కోసం దాన్ని చంపేయడం ఏం న్యాయం? ఉత్తరం చదివి కర్నల్ కూడా తల ఊపాడు. "నిజమేరా, గద్దను చంపకుండా ఉండాల్సింది," అని, ఏ గద్ద గురించి మాట్లాడుతున్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

శనివారం తోట నిండా హీరోలే. అందరికీ ఉన్ని టోపీ, పెట్టుడు మీసం, మెడలో తుమార్. చెట్ల కింద గుంపులుగా నిలబడి వాదించుకుంటున్నారు.

"ఈత ముఖ్యం! మోకాలి లోతు నీళ్లలో చచ్చే హీరో ఏం హీరో?"

"నోర్ముయ్. ముందు గుర్రం సంగతి చూడమను. నాది రెండు రోజులు రాయిలో ఇరుక్కుంది, తెలుసా?"

"నువ్వు ఎక్కితే ఏ గుర్రమైనా రాయిలోకే పోతుంది."

నవ్వులు. ఓల్జాస్ కూడా నవ్వాడు. అంతలో వెనకనుంచి సన్నటి చెయ్యి ఒకటి వచ్చి అతని మీసాన్ని సర్దింది.

"ఎడమవైపు జారుతోంది," అంది తోగ్జాన్. పసుపుపచ్చ పట్టు గౌను, నీలి రాళ్ల జుంకాలు, నవ్వని కళ్లు. "సాకెన్‌కీ ఇలాగే జారేది."

ఓల్జాస్ గిరుక్కున తిరిగాడు. ఆమె అప్పటికే నాలుగడుగులు అవతల, ఎవరితోనో గద్ద గురించి కబుర్లాడుతోంది. పారిపోదామనుకున్నాడు. గేటు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. వాళ్లకి మీసాలు పెట్టుడువి కావు.

భోజనాలు తోట మధ్యలో వేసిన పెద్ద ఉన్ని గుడారంలో. భోజనాల గుడ్డ దస్తర్ఖాన్ పరిచి, మాంసం పళ్లేలు దింపాక, ఖబ్దేష్ లేచాడు.

"ఈసారి ఉత్తరాలన్నిట్లోకీ గొప్ప ఉత్తరం రాసింది మన రౌవాన్! గద్ద చావు దగ్గర నాకే కళ్లు చెమ్మగిల్లాయి. అందుకని ఇవాళ ముఖ్య అతిథి ఇతనే. తల ఇతనికి పెట్టండి!"

ఉడికించిన గొర్రె తల, పళ్లెంలో, ముట్టె ఓల్జాస్ వైపు తిరిగి వచ్చి కూర్చుంది. పక్కనే కత్తి. అందరూ చప్పట్లు కొట్టారు. ఓల్జాస్ చెయ్యి తనంతట తానే పళ్లాన్ని అందుకుని, పక్కనున్న ముసలాయన వైపు జరిపింది.

"పెద్దవారు, మీరు కొయ్యండి," అంది అతని నోరు.

చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది ఓల్జాస్‌కి ఏం చేశాడో. గుర్రం తల్లి పేరు నేర్పారు గానీ, ఈ ఒక్కటీ ఎవరికీ తట్టలేదు. తండ్రి బతికుండగా కొడుకు గొర్రె తల మీద కత్తి పెట్టడు. పెడితే తండ్రి చావు కోరినట్టే. నడక నేర్చినప్పుడే నేర్చుకున్న సంగతి, ఆలోచించి చేసేది కాదు. తండ్రి లేనివాడైతే పళ్లెం జరపడు.

ఖబ్దేష్ మందహాసం అలాగే ఉంది. "ఏం తమ్ముడూ? మీ నాన్న లేడని రాశావే."

"లేడు, ఆగా," అన్నాడు ఓల్జాస్, పెద్దవాళ్లను పిలిచే పిలుపుతో.

"మరి?"

ఓల్జాస్ గుమ్మం వైపు చూశాడు. గేటు దగ్గరి ఇద్దరూ ఇప్పుడు గుడారం గుమ్మంలో ఉన్నారు. కాలువ గట్టు కళ్లముందు కనబడింది.

"పెంచినాయన ఉన్నాడుగా, ఆగా!" తోగ్జాన్ నవ్వింది, గుర్రప్పాల కుమిస్‌తో గిన్నె నింపుతూ. "ఇందాక చెట్టు కింద చెబుతున్నాడు. ఆయన్ని తండ్రిలాగే చూసుకుంటాడట. ఆయనుండగా కత్తి పట్టడానికి చెయ్యి ఆడక చస్తున్నాడు, పాపం."

"అలాగా!" అన్నాడు ఖబ్దేష్. "ఎంత మంచి పిల్లాడు! ఐతే ఒక ఫోన్ చెయ్యి. ఆయన సరేనంటే కొయ్యి. స్పీకర్‌లో పెట్టు, మేమూ సలాం చెబుతాం."

తోగ్జాన్ రక్షించిందో ముంచిందో అర్థం కాలేదు. ఫోన్ తీశాడు. ఎవరికి చెయ్యాలి? పిజ్జా కొట్టు అమ్మాయికా? ఆమె నోట మగ గొంతు రాదు కదా! అతనికి కంఠతా వచ్చిన నంబర్ ఒక్కటే. తరాజ్‌ది.

"ఎవడ్రా?" అంది స్పీకర్. వెనకాల టీవీ, కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు.

చిన్నప్పటినుంచీ కోకే అనే పిలిచాడు. నాన్నా అని అర్థం. ఆ పిలుపు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఆగా, సలాం. నేను... రౌవాన్‌ని."

చెంచా చప్పుడు ఆగింది.

"మీరు బాగున్నారా, ఆగా? ఇక్కడ నాకు ముఖ్య అతిథినని తల పెట్టారు. మా నాన్న లేడు కదా. మీరు పెంచారు కాబట్టి, మీ మాట కోసం చేశాను. కొయ్యమంటారా?"

టీవీ కూడా ఆగింది. కన్నకొడుకు, ఎవరో పేరు చెప్పుకుని, మీరు అంటూ, ఏ కొడుకూ తండ్రిని అడగకూడనిది అడుగుతున్నాడు. "తాగావుట్రా ఓల్జాస్?" అన్న ఒక్క మాట చాలు. అది అక్కడి గాల్లో వేలాడుతోంది.

"సలాం, ఆగా," ఖబ్దేష్ ఫోన్ మీదికి వంగాడు. "మీ అబ్బాయి బంగారం. ఇంతకీ వీళ్ల నాన్న దేంతో పోయాడు?"

"నువ్వెవరివయ్యా?" ముసలి గొంతు గర్జించింది. "భోజనాల దగ్గర కూర్చోబెట్టి, పోయినవాడి సంగతి అడుగుతావా? మీ ఇంట్లో పెద్దవాళ్లు లేరా నీకు నేర్పడానికి?"

గుడారంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఖబ్దేష్ చెవులు ఎర్రబడ్డాయి.

"రౌవాన్," అంది ఫోన్. ఆ గొంతు ఇప్పుడు మెల్లగా, ఒక్కో మాటా జాగ్రత్తగా పేర్చినట్టు వస్తోంది. "విను. మీ నాన్న బతికుంటే వద్దనేవాణ్ణి. బతికిలేడుగా. మట్టి చేసినప్పుడు నేనూ ఉన్నాను. భయపడకు బిడ్డా. కొయ్యి."

లైన్ కట్టయింది.

ఓల్జాస్ కత్తి పట్టుకుని కుడి బుగ్గ కోశాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే మన్ను తిన్నట్టనిపించింది. కళ్లవెంట నీళ్లు కారాయి. తండ్రి గుర్తొచ్చాడని చుట్టూ ఉన్నవాళ్లు జాలిపడ్డారు. నిజమే మరి, గుర్తొచ్చాడు.

ఐదు కావస్తుండగా ఖబ్దేష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "రా తమ్ముడూ. విడుదల బటన్ ముఖ్య అతిథి చేతే నొక్కిస్తాను."

గుడారంలో అటువైపు తెర తీస్తే మెషీన్. తల కొయ్యకపోయి ఉంటే ఈ జన్మలో కనబడేది కాదు. అభిమానులు పొలోమని చుట్టూ మూగి, పదినుంచి లెక్క మొదలుపెట్టారు.

"పది! తొమ్మిది!"

ఓల్జాస్ మెడలోంచి తుమార్ తీశాడు. "ఆగా, కొత్త వస్తువు. దిష్టి తగలకుండా ఇది కడతాను."

"తర్వాత కడదువుగాని..."

"కట్టనివ్వండి ఆగా!" అని అరిచారు అందరూ. కొత్త కారుకైనా కట్టకుండా వదలని మనుషులు, అంత ఆటకు కట్టకుండా ఊరుకుంటారా? ఖబ్దేష్ పళ్లు బిగించి పక్కకు జరిగాడు. ఓల్జాస్ ముడి వేస్తున్నట్టు వంగి ప్లగ్ గుచ్చాడు. ఉన్ని గుడ్డ వెనక ఎర్రగా వెలిగింది.

"ఆరు! ఐదు!"

ఇంకా ఎరుపే. మారవే తల్లీ, మారవే.

"అదేంటి లోపల మెరుస్తోంది?" ఖబ్దేష్ చెయ్యి వచ్చి ఓల్జాస్ మణికట్టును పట్టుకుంది. రెండో చెయ్యి కోటు లోపలికి పోయింది. "నిన్నెవరు పంపారురా?" అన్నాడు చెవిలో.

"మూడు!"

సలసల కాగే మాంసం చారు సోర్పా గిన్నెడు వచ్చి ఖబ్దేష్ చేతుల మీద ఒలికింది. తోట దద్దరిల్లేలా కేక పెట్టాడు. కోటులోంచి జారిన పిస్తోలు గౌను అంచు కిందికి పోయింది. పసుపుపచ్చ గౌను.

"అయ్యో ఆగా, చల్లారిందనుకున్నాను!" అంది తోగ్జాన్.

"రెండు! ఒకటి!"

ఆకుపచ్చ. ఓల్జాస్ బటన్ నొక్కాడు. గద్ద ముక్క లేని ఆట, ఉత్త ఆట, దేశమంతా ఫోన్లలోకి దిగింది. అభిమానులు గెంతుతూనే ఉన్నారు. పిజ్జా డబ్బాలు పట్టుకుని గేటులోంచి వచ్చిన ఆజానుబాహులు ఖబ్దేష్‌నీ అతని మనుషుల్నీ ఎటు తీసుకెళ్లారో ఎవరూ పట్టించుకోలేదు.

"పుట్టగొడుగులది. నేనే చెప్పాను," అంది తోగ్జాన్ పక్కన నిలబడి. ఖాళీ సోర్పా గిన్నె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "సాకెన్‌కి... నేను సమయానికి సాయం అందించలేకపోయాను."

కారెక్కగానే ఓల్జాస్ సొంత ఫోన్ తీశాడు. ఒక రింగుకే ఎత్తారు.

"కోకే..."

అవతల తిట్ల వాన మొదలైంది.

"బతికున్నావా వెధవా! ఇక్కడ నా ప్రాణాలు పోయాయిరా! కప్పు చేతిలోంచి జారి పగిలింది. మీ అమ్మ ఒకటే ఏడుపు. కన్నతండ్రి నోటితోనే తన చావు చెప్పించే ఆఫీసు ఏ ఆఫీసురా అది?"

"కోకే, నేను..."

"ఏం చెప్పకు. చెప్పకూడదని తెలుసు. తల కోశావా?"

"కోశాను." కత్తి పట్టిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "క్షమించు కోకే."

"సరే, కోశావు. ఐనా నేను పోలేదు. ఐతే అంతటితో వదిలెయ్యకూడదు. శుక్రవారం ఇంటికి రా. గొర్రెని నువ్వే తీసుకురా. తల నేను కోస్తాను. చెవులు చిన్నపిల్లలకి పెడతారు కాబట్టి అవి నీకు. రెండూ తిను. ఈసారైనా చెప్పిన మాట వింటావేమో."

"సరే, కోకే."

"ఇంకోటి. తిన్నావా? పెళ్లెప్పుడు?"