మూడోసారి పడిన బొమ్మ

ఆ ఇంట్లో పిల్లలిద్దరి తగువు ఒక్కటీ తేలదు. తేలినట్టు కనిపించినా తేలదు. తాత ఎప్పుడో ఈ నిర్ణయానికి వచ్చేశాడు.

ఆ పొద్దున కూడా అదే గోల. తాత గడియారాలు బాగుచేస్తాడు. రైల్వేస్టేషన్ పైనున్న పెద్ద గడియారానికి ఏడాదికోసారి నూనె పెట్టేది ఆయనే. వచ్చే నెల దాన్ని పీకేసి కరెంటుది పెడుతున్నారు. అంటే ఇవాళే ఆఖరు. పైగదిలో తాతతో పాటు ఒక్కరికే చోటు. పదకొండు కొట్టేటప్పుడు గంట పక్కనే నిలబడి, సుత్తి లేచి పడటం కళ్లారా చూడొచ్చు.

"నేను పెద్దవాణ్ణి," అన్నాడు పదేళ్ల మనవడు.

"పెద్దవాడివైతే త్యాగం చెయ్యి," అంది ఎనిమిదేళ్ల మనవరాలు. మనిషి సన్నం, మాట గుచ్చుకుంటుంది. ఇంట్లో అందరూ గుండుసూది అంటారు.

"ఇద్దర్నీ ఇక్కడే పడేసి పోతాను, పీడా పోతుంది," అన్నాడు తాత బూటు లేసులు కట్టుకుంటూ.

వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి తన ఫోన్ ఇచ్చింది. "టాస్ వేసుకోండి. నా బుర్ర తినకండి."

నిజం నాణెంతో టాస్ వేయడం ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు. ఒకసారి అది బీరువా కిందికి దొర్లింది. పెద్దాడు బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, "బొమ్మే పడింది" అన్నాడు. ఆ గొడవ రెండు రోజులు నడిచింది. అప్పట్నుంచి ఫోన్‌లో నాణెం. తెర మీద వేలు పెడితే గిరగిరా తిరిగి పడుతుంది. దానికి ఎవరూ చుట్టం కాదు.

"నాకు బొమ్మ," అని పెద్దాడు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయాడు.

"ఇక్కడే వెయ్యొచ్చుగా?" అంది గుండుసూది.

"ఇక్కడ సిగ్నల్ లేదు."

కాసేపటికి వచ్చి తెర చూపించాడు. బొమ్మ.

గుండుసూది పెదవి కొరుక్కుంది. లోపలికి పోయి, తను సర్దుకున్న సంచిలోంచి పాత టూత్‌బ్రష్ తెచ్చి అన్న చేతిలో పెట్టింది. "పళ్లచక్రాల సందుల్లో దుమ్ముకి. నీకు తట్టదని తెలుసు." తర్వాత తాత వైపు తిరిగింది. "నేను కింద కూర్చుంటా తాతయ్యా. గంట వినబడుతుందిగా."

స్టేషన్ వాచ్‌మన్‌తో మాట్లాడటానికి తాత ఆ ఫోనే తీసుకున్నాడు. తెర మీద నాణెం ఇంకా అలాగే ఉంది. దాని కింద ఇవాళ పడినవన్నీ వరసగా, టైముతో సహా ఉన్నాయి. ఎనిమిదీ పదికి బొరుసు. మళ్లీ ఎనిమిదీ పదికే బొరుసు. ఎనిమిదీ పదకొండుకి బొమ్మ.

తాత కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఒళ్లు మండింది.

"ఒరేయ్, టాస్ సరిగ్గానే వేశావా?"

"వేశాను తాతయ్యా."

"ఒక్కసారేనా?"

"ఊఁ," అన్నాడు పెద్దాడు గోడ వంక చూస్తూ.

నాలుగు అంటిద్దామనుకున్నాడు తాత. అంటిస్తే వీడు ఏడుస్తాడు, వాళ్లమ్మ వస్తుంది, ఇక్కడే పది దాటుతుంది. వాడంతట వాడే చెప్తాడేమో నిచ్చెన దాకా చూస్తాను, ఆ తర్వాత నా పద్ధతి నాది అనుకున్నాడు.

స్టేషన్‌లో ఇనుప నిచ్చెన నిటారుగా ఉంది. గుండుసూది కింద బెంచీ మీద కూర్చుంది.

"అన్నయ్యా, సుత్తి ఎంతుందో చూసి చెప్పు. ఊరికే పెద్దది అనకు. బకెట్ అంతా, కుర్చీ అంతా, సరిగ్గా చెప్పు."

పెద్దాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో కాలు లేవలేదు.

"ఎక్కు," అన్నాడు తాత.

ఎక్కలేదు.

"పదిన్నర అయింది. ఎక్కుతావా, తాళం వేసి పొమ్మంటావా?"

"మొదట బొరుసు పడింది," అన్నాడు పెద్దాడు నిచ్చెనతో. "వేలు జారిందనుకుని మళ్లీ వేశా. మళ్లీ బొరుసే. ఇంకోసారి వేశా."

"వేలు జారిందా?"

"లేదు. జారలేదు."

వాడు మెట్టు దిగి పక్కకి జరిగాడు. గుండుసూది లేచి వచ్చి అన్నని ఎగాదిగా చూసింది.

"బ్రష్ ఇయ్యి."

ఇచ్చాడు.

"నీతో రేపటిదాకా మాట్లాడను."

"సరే."

"ఎల్లుండిదాకా."

"సరే."

గుండుసూది నిచ్చెన ఎక్కేసింది.

పదకొండు కొట్టేటప్పుడు అది రెండు చెవులూ మూసుకుని, కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని చూసింది. తాత నిచ్చెన కన్నంలోంచి కిందికి చూశాడు. బెంచీ మీద పెద్దాడు ఒక్కడే ఉన్నాడు. తల పైకెత్తి, వేళ్లు మడుస్తూ ఒక్కో దెబ్బా లెక్కపెడుతున్నాడు.

ఇంటికి రాగానే వాళ్లమ్మ గుండుసూది చేతుల మసి చూసింది. "అదేంటి మావయ్యా? పెద్దాడు కదా పైకి ఎక్కాల్సింది?"

పెద్దాడి మొహం ఎర్రబడింది. చెప్పడానికి నోరు తెరిచాడు. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కాల్సిన మనిషే ఎక్కింది. ఇక దీని గురించి నన్నెవరూ అడగొద్దు. వాణ్ణీ అడగొద్దు. చచ్చినా నేను మాట్లాడను," అని బూట్లు విప్పుకుని లోపలికి పోయాడు.