ఏ మిల్లు?

మిల్లు ఈస్ట్ స్టేషన్‌లో చీకటి పడ్డాక చివరి బెంచీ వైపు ఎవరూ వెళ్లరు. అక్కడ ఏదో గొంతు ప్రశ్న అడుగుతుందని, జవాబు చెప్పినవాళ్లు మంచం పడతారని ఆ లైన్లో తిరిగేవాళ్లంతా చెప్పుకుంటారు.

మా వదిన నర్సు. ఇలాంటివి చెవిన పెట్టే మనిషి కాదు. ఆ స్టేషన్ పక్క పేటకి ఇల్లు మారిన కొత్తలో, డ్యూటీ దిగి వస్తుంటే జరిగిందిది. తను చెప్పినట్టే చెబుతున్నాను.

రైలు దిగేసరికి వాన. ప్లాట్‌ఫారం మొత్తానికి ఆ చివరి బెంచీ మీదే రేకుల కప్పు. అక్కడ నిలబడి, ఆఫీసులో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేసింది — మిల్లు స్టేషన్‌లో దిగాను, వచ్చి తీసుకెళ్లమని.

ఫోన్ పెట్టేసింది. వెనకనుంచి... చెవి పక్కనే...

"ఏ మిల్లు?"

వదిన ఒళ్లు జల్లుమంది. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదట.

"ఏ మిల్లో చెప్పలేదు నువ్వు... మళ్లీ చెయ్యి."

ఐసులాంటి చెయ్యి వచ్చి మణికట్టు మీద పడింది. అంత భయంలోనూ వదిన వేళ్లు అలవాటుగా ఆ చేతి నాడి మీదికే వెళ్లాయి.

కొట్టుకుంటోంది...

మనిషే. తడిసి ముద్దయిన నడివయసు ఆడమనిషి.

వదిన వెంటనే మళ్లీ ఫోన్ చేసింది. అన్నయ్య అప్పటికే మిల్లు వెస్ట్ దారి పట్టాడు.

ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. ఈస్ట్ ఒక లైను, వెస్ట్ ఇంకో లైను, మధ్యలో ఏరు. వాళ్ల నాన్నకి ఈ బెంచీ మీదే గుండెనొప్పి వచ్చింది. కంగారులో అంబులెన్సుకి మిల్లు స్టేషన్ అని మాత్రమే చెప్పింది. అది వెస్ట్‌కి పోయింది. వంతెన చుట్టూ తిరిగి ఇటు వచ్చేసరికి ఆయన ఆమె ఒళ్లోనే చల్లబడిపోయాడు.

"పేరు మార్చమని అడగలేదా అక్కా?"

రైల్వే ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగిందట. జనానికి అలవాటైన పేరు, ఇప్పుడు మారిస్తే తికమకపడతారు అన్నారట.

"వచ్చే నెల మూడో స్టేషన్ తెరుస్తున్నారమ్మా," అంది. "మిల్లు సెంట్రల్."



ఇంతలో ఇంకో రైలు వచ్చింది. ఒకాయన దిగి, మిల్లులో ఉన్నాను రా అని ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. ఆమె గబగబా అటు నడిచింది. చీకట్లోంచి తనవైపే వస్తున్న ఆకారాన్ని చూసి ఆయన గేటు దాకా ఒకటే పరుగు.

ఆమె వెనక్కి వచ్చి బెంచీ మీద కూలబడింది.

"చెప్పేదాకా ఎవరూ ఆగరమ్మా..."