మూడో పిలుపు

బెంగళూరులో పూల అంగళ్ళ పక్కన, రోడ్డు కింద నడిచిపోయే దోవ ఒకటుండాది. దానికి మంచి పేరు లేదు. పొద్దు గుంకితే ఆ అంగళ్ళోళ్ళు గూడా దాంట్లో దిగరు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకోని బండ్ల మధ్యనే రోడ్డు దాటుతారు గానీ... కిందికి మాత్రం పోరు.

నేను సూడలేదు. మా నాగవేణి చెప్పిందే చెప్తాండాను. ఒక్క మాట కలిపినా నా నాలిక పడిపోనీ.

మేమంతా మదనపల్లె టమేటా మండీలో కాయలు ఏరేవాళ్ళం. నాగవేణి, అంబిక చిన్నప్పట్నించీ ఒకే కంచంలో తిన్నోళ్ళు. ఒకనాడు మండీ యజమాని ముద్దుకృష్ణప్ప నాగవేణిని పిలిచినాడు. "సోమవారం నుంచి ఈ కూలోళ్ళందరికీ నువ్వే మేస్త్రీవమ్మా. తెల్లారుజామున నాలుక్కంతా ఈడుండాల. రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నాడు.

పదహారేండ్లు నడుము వంచి కాయలు ఏరిన మనిషి. ఆ దినం దాని కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు!

"మేస్త్రీవైతే మళ్ళా సెలవు యాడ దొరుకుతాదే? మూడు దినాలు బెంగళూరు సూసొద్దాం పా" అనింది అంబిక. టికెట్లు గూడా అదే తీసింది.

ఆదివారం ఆఖరి దినం. రాత్రి తొమ్మిదికి మా ఊరి బస్సు, అది పోతే మళ్ళా తెల్లారినాకనే. పొద్దున్నించీ కాళ్ళు పడిపోయేదాకా తిరిగినారంట. మెట్రో ఎక్కినారు, తోటలో అద్దాల మేడ సూసినారు. మాల్‌లో కదిలే మెట్లు సూసి నాగవేణి బెదిరితే, అంబికే చెయ్యి పట్టుకోని ఎక్కించిందంట. "అంత సంతోషంగా నేనెప్పుడూ లేనక్కా" అని ఇప్పటికీ అంటాది, పిచ్చిది.

సాయంత్రం పూలు కొంటాంటే, అమ్మే ముసిలామెది మన కుప్పం పక్క శాంతిపురమే. మన మాట చెవిన పడేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మల్లెపూలు ఒక మూర ఎక్కువే ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పిందంట.

"చీకటి పడితే ఆ కింద దోవలో పోవద్దండమ్మా. పేరు పెట్టి పిలుస్తాది... తెలిసినోళ్ళ గొంతుతోనే పిలుస్తాది. పలకద్దండి. రెండుసార్లకి మించి దాని చేత కాదు. మూడోసారి పిలిస్తేనే అది మనిషి."

అంబిక ఆమెకి దండం పెట్టి మరీ వినింది.

ఎనిమిదిన్నరకి ఆ జనంలో ఇద్దరూ విడిపోయినారు. ఫోను, టికెట్లు అన్నీ అంబిక సంచిలోనే. బస్సు నిలిచేది రోడ్డుకి అవతల పక్క. బండ్లు చూస్తే ఆగేటట్టు లేవు... టయిము చూస్తే అయిపోతాండాది. నాగవేణి ఆంజనేయస్వామిని తలుచుకోని కిందికి దిగేసింది.

సగం దూరం పోయేసరికి — కరెంటు పోయింది.

ఒకటే చీకటి. పైన బండ్ల మోత. యా పక్క మెట్లుండాయో తెలీలే. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. గోడ తడిగా, చల్లగా తగిలిందంట.

"నాగవేణీ..."

అంబిక గొంతే! పలకబోయి — చేత్తో నోరు మూసుకునింది.

"నాగవేణీ... యాడుండావే?"

రెండయినాయి. ఇంకొక్కసారి... మా తల్లి కదా, ఇంకొక్కసారి పిలువే... అని లోపల్లోపలే బతిమాలుకునిందంట. ఊపిరి బిగబట్టుకోని కాచుకోనుండాది.

పిలుపు రాలే.

దెయ్యమే! గొంతు వచ్చిన దిక్కుకి వీపు తిప్పి పరిగెత్తింది. పడి, లేచి, ఏవో మెట్లెక్కి బయటపడితే — అది వేరే రోడ్డు. వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటా వచ్చేసరికి బస్సు పోయి ముప్పావు గంటయింది. రాత్రంతా ఆడనే కూర్చోని, సోమవారం పది గంటలకి మండీకి వచ్చింది.

మేస్త్రీ పని అంబిక చేస్తాండాది.

అంబికే ముద్దుకృష్ణప్పకి చెప్పింది. "ఆ కింద దోవలో దిగి మరీ పిలిచినానప్పా. రెండుసార్లు పిలిచినా. యాల పలకలేదో ఏమో! బస్సు బయల్దేరేస్తాంటే నేనేం జేసేది?"

"రెండుసార్లా?" అనింది నాగవేణి, మెల్లగా.

"ఊఁ. రెండుసార్లు."

నాగవేణి దాని మొగంలోకే సూస్తా నిలబడింది. మేమంతా "అంబిక తప్పేముండాది పాపం" అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తాది.

మర్నాడు తెల్లారుజామున అంబిక వరసగా పేర్లు పిలిచింది. నాగవేణి మా ముందరే, క్రేట్ల పక్కన కూర్చోనుండాది.

"నాగవేణీ!"

పలకలే.

"నాగవేణీ!"

మేమంతా తిరిగి సూసినాం. అది కదల్లేదు, మెదల్లేదు.

"ఏమే నాగవేణీ! చెవుడా నీకు?"

అప్పుడు లేచింది. కండ్ల నిండా నీళ్ళు.

"మూడోసారి పిలిచేది నీకూ వచ్చు కదే, అంబికా!"