చిక్కబడని చికెన్ పూత

పొద్దున్నే మామయ్య వేలికి సూది గుచ్చి, మీటరులో అంకె చూసింది కోడలు. షుగరు దిగడం మాట దేవుడెరుగు, మేడెక్కి కూర్చుంది. కాలి బొటనవేలి పుండు మానాలంటే షుగరు దిగి తీరాలనీ, లేకపోతే వేలు తీసేయక తప్పదనీ డాక్టరు ముందే చెప్పాడు.

అందుకే ఆమె రోజూ తెల్లారుజామున లేచి చికెన్ ఉడకబెట్టి, పీచులు తీసి, వెన్న తీసిన పలచటి పెరుగూ, చీజూ, వెల్లుల్లీ, మిరియాలపొడీ వేసి మెత్తగా రుబ్బుతోంది. దాన్ని రొట్టెకి బదులు కీరా చక్రాల మీద పూసి పెట్టమని అత్తయ్యకి అప్పగించి ఆఫీసుకి పరిగెడుతోంది. మామయ్య రిటైరైన బేకరీ మాస్టరు. మొదటి రోజే, "చికెన్ ఉంది గానీ చిక్కన లేదమ్మా! పూత ఉంది, కింద రొట్టె ఏదీ? గోడ లేకుండా సున్నం కొట్టినట్టుంది" అని మూతి ముడిచాడు.

ఇవాళ మీటరు చూడగానే ఆమెకి ఆ మాటే గుర్తొచ్చింది. "నిజం చెప్పండి మామయ్యా, దొంగచాటుగా బ్రెడ్డు తింటున్నారు కదూ? బేకరీని మీరు వదిలినా బ్రెడ్డు మిమ్మల్ని వదల్లేదు!"

"ఒట్టు! తుంపు కూడా ముట్టలేదు."

"మరి ఇదేంటి? గాలి పీల్చి పెరిగిందా?"

పక్కనే ఆమె భర్త పేపరు చదువుతున్నాడు. మామయ్య లేచాడు. "కొడుకు ముందు నన్ను పలచన చేశావమ్మా" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆఫీసుకి బయల్దేరి వీధి చివరిదాకా వెళ్ళాక గానీ లంచ్ బాక్సు మరిచిన సంగతి ఆమెకి గుర్తురాలేదు. ఉరుకులు పరుగుల మీద వెనక్కి వచ్చింది. వంటింట్లో వెన్న కరిగిన కమ్మటి వాసన. అత్తయ్య మూకుడులో మైదా వేయించి, చికెన్ పూతలో కలుపుతోంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "పలచగా ఉందని మీ మామయ్య సగం వదిలేసేవారే! కాస్త మైదా కలిపితే చిక్కబడింది. మళ్ళీ వెయ్యమని అడిగారు. జబ్బు చేశాక ఆయన నోరు తెరిచి అడగడం అదే మొదలు."

"మైదా అంటే రొట్టే కదత్తయ్యా!"

"నువ్వు రొట్టె వద్దన్నావు గానీ, మైదా వద్దనలేదుగా!"

కోడలు అరవబోయి ఆగిపోయింది. నిజమే. ఏది వద్దో చెప్పింది, ఎందుకు వద్దో చెప్పలేదు. బేకరీ ఇల్లాలికి మైదా అంటే చేతికి అలవాటైన వస్తువు. పైగా తప్పు చెయ్యని మనిషిని తను దొంగని చేసింది. మైదా కూడా రొట్టెలాగే షుగరు పెంచుతుందనీ, షుగరు దిగకపోతే మామయ్య కాలి వేలు పోతుందనీ అప్పుడు విడమరిచి చెప్పింది.

"అయితే ఆ వేలు నేనే తీయించేదాన్నా?" అంటూ అత్తయ్య చెంగులో మొహం దాచుకుంది.

గది తలుపు తెరుచుకుంది. అన్నీ విన్నట్టే ఉన్నాడు మామయ్య.

"క్షమించండి మామయ్యా, నోరు జారాను."

"నీ నోరు నా వేలి కోసమేగా జారింది, పోనీలే" అని కుర్చీ లాక్కున్నాడు. "మైదా పడనిది మిగిలిందా?"

కోడలు గిన్నె అడుగున మిగిలింది కాస్త కంచంలో వేసి తెచ్చింది. నీళ్ళలా జారుతోంది. ఆయన చెంచాతో నోట్లో పెట్టుకున్నాడు. మింగడానికి పెద్ద యుద్ధమే చేశాడు. తరవాత, ఏడుస్తున్న భార్య వైపు కంచం జరిపాడు.

"బ్రహ్మాండంగా ఉందే! ఇంకాస్త వెయ్యి."