జిగురు చాటున విషం

గ్లాసుడు మంచినీళ్లు తాగి మీటింగ్‌లో కూర్చున్న శాస్త్రవేత్త, మాట్లాడుతూ మాట్లాడుతూనే బల్ల మీదికి ఒరిగిపోయాడు. మళ్లీ లేవలేదు.

"పాము విషం," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్, కిటికీ తెర దించుతూ.

"కాటు ఉందా సార్?" అడిగాడు నత్త. దేనికీ తొందరపడడని ఆ ఏజెంట్‌కి ఆఫీసు పెట్టిన పేరది.

"లేదు. మింగించారు."

"మింగితే అరిగిపోతుందంటారుగా?"

"మామూలుగా అంతే. విషం ప్రోటీన్. గుడ్డు తిన్నట్టు కడుపు అరిగించేసుకుంటుంది. కానీ ఈయన చెట్టు జిగురుతో నానోపార్టికల్స్ చేశాడు. కంటికి ఆనని గుళికలు. లోపల పెట్టిన మందు కడుపులో చెడదు. పేగుగోడకి అతుక్కుని రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్‌ని సూది లేకుండా మింగించాలని ఆయన తాపత్రయం. విదేశీ ముఠా ఆ గుళికల్ని ఎత్తుకెళ్లి విషం నింపింది. ముందు ఆయన మీదే పరీక్షించింది."

నత్తకి తల్లి గుర్తొచ్చింది. పొద్దున ఇన్సులిన్ సూది గుచ్చబోతే, "నా పొట్టలో చోటు లేదురా, నీ పొట్టకి పొడుచుకో," అంది ఆవిడ.

"మధ్యాహ్నం సరిహద్దు ఒప్పందం విందు," అన్నాడు చీఫ్. "ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది, మారుపేరు చిలుక. అక్కడ అనువాదకురాలిగా వస్తుంది. ఆవిడని కలువు."

నత్త తెల్లకోటు తొడిగి సర్వరయ్యాడు. కాలర్ గుండీలో మైక్. నీలం గౌనులో మెరిసిపోతున్న చిలుక పక్కగా వచ్చింది.

"గొడుగు తెచ్చావా?"

"చిల్లు పడింది."

కోడ్ కుదిరింది. "సూప్‌లో కలిపారు," అంది పెదవి కదలకుండా. "వంటింట్లోనే ఆపెయ్."

వంటింట్లో సూప్ కుతకుతలాడుతోంది. ఆవిరి మొహానికి కొట్టగానే నత్త ఆగిపోయాడు. వేడికి గుడ్డు గడ్డకట్టినట్టే విషమూ పాడవుతుంది. మరిగే గిన్నెలో దాన్ని ఎవరు కలుపుతారు? చిలుక తనని కావాలనే ఇటు తోలింది.

"చల్లటివి ఏమున్నాయి?" అడిగాడు వంటమాస్టర్‌ని.

"పళ్లరసం. ముందు అదే పంపమని ఆ నీలం గౌనమ్మ చెప్పింది. రసం హాల్లోకి వెళ్లిపోయింది కూడా."

హాల్లో గ్లాసులన్నీ పైకి లేచి ఉన్నాయి. చిలుక గ్లాసొక్కటే బల్ల మీదుంది. ముందు విందు ఇస్తున్న మన మంత్రి తాగాలి, ఆ తర్వాతే అతిథులు, అది మర్యాద. మంత్రి గ్లాసు పెదవికి ఆనింది. నత్త తివాచీ తట్టుకున్నట్టు తూలి ఆయన చేతి మీద పడ్డాడు. రసమంతా ఆయన కోటు పాలైంది.

"రసంలో ఉంది. చిలుకని పట్టుకోండి," అని గుండీలోకి గొణిగాడు.

గ్లాసులు మారుస్తామంటూ మారువేషంలోని గార్డులు అన్నీ లాగేసుకున్నారు. చిలుకని చప్పుడు లేకుండా పక్కగదిలోకి తీసుకెళ్తే, పర్సులో మిగిలిన విషం గుళికల సీసాలు దొరికాయి.

"మందుకోసం చేసినదాన్ని ఇలా చేశావేం?" అడిగాడు నత్త.

"దారంటూ వేశాక, దాని మీద మందే నడవాలని రూలేం లేదు," అంది ఆవిడ, చల్లగా.

మంత్రికి ఇవేవీ తెలియవు. నత్త హాల్లోకి తిరిగొచ్చేసరికి, కోటు తుడుచుకుంటూ సర్వర్ల మేనేజర్ వంక గుర్రుగా చూశాడు. మేనేజర్ నత్త రెక్క పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు.

"ఈ పనికి నువ్వు పనికిరావు నాయనా," అన్నాడు జాలిగా. "ప్రమాదం లేని పని ఏదన్నా చూసుకో."